గోడ మీద ఆరో వేలు

పొద్దున్నే షట్టరు ఎత్తడం కర్టెన్లక్కకి సగం ఎడమ చేతి పని, సగం మోకాలి పని. చేత్తో నడుం దాకా లేపి, ఆ సందులో భుజం దూర్చి, మోకాలితో ఒక్క తోపు తోస్తే అది గొణుక్కుంటూ పైకి పోతుంది. లోపలికెళ్ళి లైటు వేస్తుంది. లైటు పడగానే ఎదురు గోడ మీద ఆమె నీడ నిలబడుతుంది, రెండు చేతులతో.

మనిషికి మాత్రం చెయ్యి ఒకటే. కుడిది మోచేతి కింద నుంచి లేదు. అయితే చెయ్యి పోయినవాళ్ళకి దాని నీడ పోదు కదా. ఆమెకీ పోలేదు. గుడ్డ బేరం చేసేవాళ్ళు కూడా దాన్నేం పట్టించుకోరు.

"అక్కా, ఆ కుడిచెయ్యి కాస్త పక్కకి జరుపు. నీడ పడి రంగు తెలియట్లేదు."

"నీకు ఎండలో చూపించినా తెలియదులే. పోయినసారి నీలం తీసుకెళ్ళి ఆకుపచ్చ అని తగువుకొచ్చావు."

అంటూనే మొండిచెయ్యి పక్కకి జరిపేది. నీడా జరిగేది. అయితే ఆ నీడ చెయ్యి ఎప్పుడూ తెరుచుకోలేదు. పోయిన రోజున ఎలా బిగించి ఉందో అలాగే, గుప్పిట మూసి ఉండేది. రాత్రుళ్ళు అక్కడే నొప్పి. లేని చేతికి తిమ్మిరెక్కితే ఎక్కడని రుద్దుకోవాలి? ఆమె గోడ దగ్గరికెళ్ళి, ఎడమ చేత్తో ఆ నీడని రుద్దేది. ఒక్కోసారి తగ్గేది.

గుడ్డ మీద ఇనప దిమ్మె పెట్టి, అంచు పళ్ళతో పట్టుకుని, ఎడమ చేత్తో కుచ్చిళ్ళు పెడుతూ ఇరవై రెండేళ్ళు గడిపింది. ఊళ్ళో సగం కిటికీలకి ఆమె కుట్టిన తెరలే. ఆమె ఉండే గది మాత్రం దుకాణం పైనే. అక్కడ ఒక మంచం, ఒక బల్ల, ఒక కుర్చీ. రెండో కుర్చీ ఎందుకు కొనలేదని ఎవరైనా అడిగితే, "మెట్లు ఇరుకు, ఎక్కదు" అనేది.

ఆమెకి ఉన్నది ఒక్క చెల్లెలు.

చెయ్యి పోయిన సంగతి ఆ చెల్లెలితోనే ముడిపడి ఉంది. అప్పుడు అక్కకి పద్దెనిమిది, చెల్లెలికి పది. వాళ్ళున్న మేడలో కటకటాల తలుపుల పాత లిఫ్టు ఉండేది. ఒకనాడు చెల్లెలు లోపలికి అడుగు పెట్టిందో లేదో, తలుపు మూసుకోకుండానే అది కదిలిపోయింది. అక్క లోపలికి చెయ్యి చాచి, చెల్లెలి చెయ్యి దొరకబుచ్చుకుని బయటికి గుంజింది. పిల్ల బయటపడింది. అక్క చెయ్యి కటకటాల మధ్య ఉండిపోయింది.

ఆ తరవాత చెల్లెలు అక్క చెయ్యి పట్టుకోలేదు. ఉన్న ఎడమ చెయ్యి కూడా. రోడ్డు మీద నడిచినా మూరెడు దూరంలో నడిచేది. దీపం దగ్గర కూర్చునేది కాదు. చదువుకోవాలన్నా గదిలో చీకటి మూల వెతుక్కునేది. 'నా మొండిచెయ్యి చూడ్డం దానికి కష్టంగా ఉంది పాపం' అనుకుంది అక్క. అనుకుని, తనే కాస్త దూరం జరిగింది. అమ్మా నాన్నా పోయారు. చెల్లెలు పెళ్ళై బస్సులో సగం రోజు ప్రయాణమంత దూరం వెళ్ళింది. ఆదివారం ఫోను, ఏడాదికోసారి కర్టెన్లు. ఇద్దరి మధ్యా మిగిలింది అంతే.

"మందం గుడ్డ వెయ్యక్కా. లోపల అస్తరు కూడా. వెలుతురు అస్సలు రాకూడదు."

"సినిమాహాలు పెడుతున్నావేమిటే?"

"ఆయనకి వెలుతురుంటే నిద్ర పట్టదు."

ప్రతి ఏడూ ఇదే మాట. అక్క ప్రతి ఏడూ కుట్టి పంపేది.

*

ఈ ఏడు ఎడమ మణికట్టు వాచింది. కత్తెర పట్టుకుంటే జారిపోయేది. డాక్టరు నొక్కి చూసి, "రెండు చేతులు చెయ్యాల్సిన పని ఇది ఒక్కటే చేస్తోందమ్మా. ఇలాగే లాగితే ఏడాది తిరిగేసరికి ఇదీ పట్టు తప్పుతుంది. కుడిచేతికి నరాల చెయ్యి పెట్టించుకోండి" అన్నాడు.

నరాల చెయ్యి అంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. చెయ్యి పోయినా, దానికి పని చెప్పే నరాలు పోవు. 'ముడుచుకో, తెరుచుకో' అని అవి చెబుతూనే ఉంటాయి, వినేవాళ్ళు లేకపోయినా. ఆ మాట అందుకుని కదిలే చెయ్యిని యంత్రంతో చేసి తగిలిస్తారు. ఒకప్పుడు ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరికి పెట్టేవాళ్ళు. ఇప్పుడు గిరాకీ పెరిగింది. చెవులకి వేరే, కళ్ళకి వేరే, వణికే ఒంటిని నిలబెట్టడానికి వేరే యంత్రాలు. ఓడల్లో, విమానాల్లో దేశదేశాలకి పోతున్నాయి. ఆ కంపెనీ గది కూడా ఒకప్పుడు సందులో ఉండేది. ఇప్పుడు అద్దాల మేడకి మారింది. లోపల కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఒకాయన తన కొత్త కాలికి ఓపిగ్గా మాటలు నేర్పుతున్నట్టు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. పక్కపక్కనే ఇంతమంది ఉన్నా ఎవరి గొడవలో వాళ్ళున్నారు.

కొలతలు తీసే పెద్దాయన్ని అందరూ చేతుల మేస్త్రి అంటారు. ఆయన ఆమెని స్టూలు మీద కూర్చోబెట్టి, వెనక దీపం పెట్టి, ఎదురుగా తెల్లగోడ మీద నీడని సరిచేశాడు. ఆయన కొలిచేది చేతిని కాదు. చెయ్యి లేదుగా. నీడనే కొలుస్తాడు.

"గుప్పిట కాస్త వదలండమ్మా."

"వదిలితే రాదండీ. ఇన్నేళ్ళుగా అంతే."

"సరే, ఉన్నదున్నట్టే కొలుద్దాం." స్కేలు ఆనించి వేళ్ళు లెక్కపెట్టాడు. ఆగాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాడు. "పుట్టుకతో మీకు ఆరు వేళ్ళా?"

"ఐదేనండీ!"

"గోడ మీద ఆరున్నాయే. ఇదిగో, చిటికెన వేలు పక్కన సన్నగా ఇంకోటి. చిన్నపిల్ల వేలులా ఉంది."

ఆమె మెడ సాచి చూసింది. ఇన్నేళ్ళూ రుద్దుకున్న నీడే. గుప్పిట మడతల్లో కలిసిపోయి ఉంటే ఏనాడూ లెక్కపెట్టలేదు. ఉన్నవి ఐదని తెలిశాక ఎవరు మాత్రం లెక్కపెట్టుకుంటారు?

మేస్త్రి మాత్రం తన పద్ధతి తప్పడు. గోడ మీద ఎన్ని ఉంటే అన్నీ కంపెనీకి చెప్పాలి. కంప్యూటరు తెర మీద కనిపించిన కంపెనీ అమ్మాయి, "సార్, ఆరేనా?" అంది.

"గోడ మీద ఆరేనమ్మా."

"సరే సార్."

అంతే. వ్యాపారం ఇంతగా పెరగనప్పుడైతే ఆ అమ్మాయి ఇంకో మాట అడిగేదేమో. ఇప్పుడు ఆమె వెనక ఇంకా ఎన్నో చేతులు వరసలో ఉన్నాయి. వారాలు తిరిగేసరికి పెట్టె వచ్చింది. స్పాంజి మధ్య చక్కగా ఒదిగి, ఆరు వేళ్ళ చెయ్యి. పైన ఒక కార్డు, 'మీ ఐదు వేళ్ళకీ స్వాగతం' అని అచ్చు. ఎవరో ఐదు కొట్టేసి పెన్నుతో ఆరు అని దిద్దారు.

"ఒకటి కొంటే ఒకటి ఉచితమా మేస్త్రిగారూ?" అంది కర్టెన్లక్క.

మేస్త్రి నవ్వలేదు. "నేను కొలిచిందే వాళ్ళు పంపారు. నీడకి చోటు చాలకపోతే లోపలికి రాదమ్మా. తొడిగి చూద్దాం."

తొడిగాడు. నీడ కాసేపు బయటే తచ్చాడి, కొత్త చెప్పుల్లోకి దూరే పాదంలా మెల్లగా లోపలికి జరిగింది. గుప్పిట విడింది. ఒక్కో వేలూ లేచింది. తిమ్మిరి సగం తగ్గింది.

"నెల రోజులు వాడి చూడండి. నప్పితే మీది. నప్పకపోతే వెనక్కి పంపేస్తాం. దీని కోసం చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు, మళ్ళీ మీ వంతు వచ్చేసరికి ఏళ్ళు పడుతుంది."

*

ఆ పూట దుకాణంలో ఇనప దిమ్మె పక్కన పెట్టేసింది. కుడిచేత్తో గుడ్డ పట్టుకుని, ఎడమ చేత్తో కుచ్చిళ్ళు పెట్టింది. పళ్ళతో పని లేకపోయేసరికి నోరు ఖాళీ అయి, ఏం చెయ్యాలో తోచక కూనిరాగం తీసింది.

చిక్కు మర్నాడు తెలిసింది. ఐదు వేళ్ళూ ఆమె మాట వింటున్నాయి. ఆరోది వినడం లేదు. సరిగ్గా సూది దిగేటప్పుడు ముందుకొచ్చేది. కుచ్చి మడత పెడితే దాన్ని విప్పేది. పట్టుగుడ్డ మీద అనవసరంగా గీరేది. మెత్తటి తెర ఒకటి అడ్డంగా చిరిగింది కూడా.

"ఇది నాది కాదు మేస్త్రిగారూ. ఎవరి పనో చేసుకుంటోంది."

ఆయన చాలాసేపు చూశాడు. "ఔను, ఎవరిదో మీ గుప్పిట్లో చిక్కుకుని వచ్చింది. అది ఉన్నంతవరకూ ఈ చెయ్యి కుదురుకోదు. వేళ్ళు తక్కువైతే ఇబ్బంది లేదమ్మా. నాలుగు నీడవేళ్ళు ఉన్నవాళ్ళకీ, మూడున్నవాళ్ళకీ బిగించాను. మిగతావి ఊరికే ఉంటాయి, పని సాగిపోతుంది. ఎక్కువైతేనే కష్టం. ఎవరిదో వాళ్ళకి ఇచ్చెయ్యండి."

"ఎలా ఇవ్వాలి?"

"వాళ్ళ చెయ్యి పట్టుకుంటే చాలు. నీడకి దారి తెలుసు."

"ఎవరిదని వెతకను?"

"నెలలోపల వెతకండి" అన్నాడాయన. అంతకంటే ఆయన చేతిలో ఏముంది?

వెతకనక్కర్లేకుండానే తెలిసింది. సాయంకాలం దుకాణం మూసి, పైగదిలో ఉన్న ఆ ఒక్క కుర్చీలో కూర్చుని, చెయ్యి బల్ల మీద పెట్టుకుంది. ఆరో వేలు మెల్లగా లేచి, గాలిలో గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. తిరిగి, తిరిగి, కాసేపు ఆగి, మళ్ళీ తిరిగింది. మర్నాడు సాయంకాలమూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆ గుండ్రం గ్లాసు అంచంత ఉంది.

చిన్నప్పుడు చెల్లెలు పాలు తాగనని మొండికేసినప్పుడల్లా, గ్లాసు అంచు మీద చిటికెన వేలు తిప్పుతూ కూర్చునేది. "తిప్పితే పాలు తగ్గిపోతాయా, తాగు" అని అమ్మ కసిరేది.

ఆదివారం ఫోను మోగింది.

"ఎలా ఉన్నావే?"

"బాగానే ఉన్నానక్కా. ఇల్లంతా గోల గోలగా ఉంది. ఆయన స్నేహితులొచ్చారు. పొయ్యి దగ్గర నిలబడి మాట్లాడుతున్నా, ఒక్క క్షణం తీరిక లేదు."

కర్టెన్లక్క బల్ల మీద చెయ్యి వైపు చూసింది. ఆరో వేలు నిదానంగా, గ్లాసు అంచు చుట్టూ తిరుగుతోంది. వంట చేసేవాళ్ళ వేలు అలా తిరగదు. ఎదురుగా ఎవరైనా కూర్చుని ఉన్నా అలా తిరగదు.

"సందడేం వినిపించట్లేదే?"

"తలుపేశాను. ఉంటానక్కా, మాడిపోతోంది."

ఫోను పెట్టేశాక కూడా ఆ వేలు తిరుగుతూనే ఉంది. చీకటి పడేదాకా తిరిగింది. కర్టెన్లక్క లైటు వెయ్యకుండా దాన్నే చూస్తూ కూర్చుంది.

నెల గడుస్తోంది. ఇచ్చెయ్యకపోతే చెయ్యి పోతుంది, చెయ్యి పోతే దుకాణం పోతుంది. ఇచ్చేస్తే చెల్లెలి నిజం తెలిసే దారి పోతుంది. ఇన్నేళ్ళ ఫోన్లలో దొరకని సంగతి ఈ వేలు చెప్పింది. రోజూ 'రేపు వెళ్దాం' అనుకునేది. సాయంకాలం కాగానే ఆ వేలి ముందు కూర్చుని, దానికి తోడుగా తన చిటికెన వేలు కూడా గుండ్రంగా తిప్పుతూ, వెళ్ళడం మానేసేది.

ఒక సాయంకాలం వేలు తిరగలేదు. బల్ల మీద అలా పడి ఉండి, ఉండుండి వణికింది. కళ్ళ తడి తుడుచుకున్నట్టు ఒకసారి పైకి లేచి వాలింది.

మర్నాడు పొద్దున్నే ఆమె బస్సెక్కింది.

*

సాయంత్రానికి చెల్లెలి ఇంటి ముందు నిలబడింది. కిటికీలన్నిటికీ తను కుట్టిన తెరలే, మందంగా, అస్తరుతో, గట్టిగా దగ్గరికి లాగి ఉన్నాయి. తలుపు తట్టింది.

"ఎవరూ?"

"కర్టెన్లు ఎలా వేలాడుతున్నాయో చూసి పోదామని వచ్చా."

తలుపు కొద్దిగా తెరుచుకుంది. చెల్లెలి జుట్టులో తెల్లవెంట్రుకలు. లోపల చీకటి. బల్ల మీద ఒక గ్లాసు. గుమ్మం దగ్గర ఒక జత చెప్పులు.

"స్నేహితులు వెళ్ళిపోయారా?" అంది అక్క.

చెల్లెలు తలుపు పూర్తిగా తీసి, "ఆయన నన్నొదిలి వెళ్ళి రెండేళ్ళయింది" అంది.

"రెండేళ్ళా! ఒక్క ముక్క చెప్పలేదే!"

"చెబితే ఏం చేస్తావు? షట్టరు దించి పరిగెత్తుకొస్తావు. నా కోసం ఒకసారి పరిగెత్తుకొచ్చింది చాల్లే."

అక్క లోపలికొచ్చి కూర్చుంది. కొత్త చెయ్యి బల్ల మీద పెట్టింది. చెల్లెలు కంగారుగా తన కుడిచెయ్యి చీర కొంగులో దాచుకుంది. బల్ల మీద ఆరో వేలు గబుక్కున ముడుచుకుంది.

ఇద్దరూ దాన్నే చూశారు.

"నీదేగా?" అంది అక్క.

"ఊఁ."

"తెలుసా నీకు?"

"ఆ రోజు నుంచే తెలుసు. ఆస్పత్రి వరండాలో లైటు కింద నిలబడితే గోడ మీద నా చేతికి నాలుగే కనిపించాయి. నువ్వు గుంజినప్పుడు నా చిటికెన వేలే గట్టిగా పట్టుకున్నావు. నీడ నీ గుప్పిట్లో ఉండిపోయింది."

"అందుకా వెలుతుర్లో నిలబడవు! నేనేమో నన్ను చూడలేక అనుకుంటూ..."

"నిన్ను చూడలేక ఏంటక్కా? నువ్వు చూస్తే ఇచ్చేస్తావని. నీది చెయ్యంతా పోయింది. నా వేలి నీడ ఒకటి నీ దగ్గరుంటే ఏం పోయింది?" చెల్లెలు గ్లాసు పక్కకి జరిపింది. "అదీకాక, అది నీ గుప్పిట్లో ఉన్నంతకాలం నువ్వు నా చెయ్యి వదల్లేదని ఉండేది. ఈ ఇంట్లో రెండేళ్ళూ ఆ ఒక్కటే ధైర్యం."

అక్క చేతి సంగతి చెప్పింది. మణికట్టు వాపు, మేస్త్రి మాట, నెల గడువు, అన్నీ. చెల్లెలు చివరిదాకా విని లేచింది. కిటికీ దగ్గరికెళ్ళి ఎన్నడూ తెరవని తెర పక్కకి లాగింది. దుమ్ము రాలింది. పొద్దు వాలే వెలుతురు గోడంతా పరుచుకుంది.

"ఎంత బరువుగా కుట్టావక్కా, లాగలేక చచ్చా" అంది చెల్లెలు.

"నువ్వే కదే అడిగావు!"

చెల్లెలు దగ్గరికొచ్చి కొంగులోంచి చెయ్యి తీసింది. గోడ మీద నాలుగు వేళ్ళు. చాచబోయి ఆగింది. లిఫ్టు తరవాత ఇదే మొదటిసారి. అక్కే ముందుకి జరిపి ఆ చెయ్యి అందుకుంది. కొత్త చేతికి వెచ్చదనం తెలియదంటారు. ఏమో మరి, ఆమె కళ్ళు మూసుకుంది. గోడ మీద రెండు నీడలూ ఒకటే ముద్దై, ఎవరి వేలు ఏదో తెలియకుండా పోయింది. పొద్దు కిందికి దిగి వెలుతురు గోడ మీంచి జారిపోయేదాకా వాళ్ళు చేతులు వదల్లేదు. వదిలేసరికి నీడలు చూసుకునేంత వెలుతురు లేదు. ఆరో వేలు మాత్రం చచ్చుబడి ఊరికే ఉంది.

"ఉండిపోరాదూ నాలుగు రోజులు" అంది చెల్లెలు.

"దుకాణం ఉంది కదే. నువ్వు రారాదూ?"

"నాకూ ఇక్కడ ఉద్యోగం ఉంది కదక్కా."

ఇద్దరూ అనాల్సింది అన్నారు. మర్నాడు పొద్దున్నే మబ్బు పట్టి ఉంది. చెల్లెలు బస్సు దాకా వచ్చింది, మూరెడు దూరంలో కాదు, పక్కనే. కిటికీలోంచి అక్క చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగింది. ఇన్నేళ్ళూ ఏదో ఒకటి పట్టుకుని ఉన్న గుప్పిట ఇప్పుడు ఖాళీ. నొప్పి లేదు. ఆ నొప్పైనా లేకపోవడం దారంతా కొత్తగా, దిగులుగా ఉంది.

*

వంతు పోకుండా ఐదు వేళ్ళది మార్చి తెప్పిస్తానని, మేస్త్రి ఆరు వేళ్ళ చెయ్యి విప్పేసి పెట్టెలో సర్దాడు. దీపం పెట్టి, గోడ మీద నీడ లెక్కపెట్టాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మీతో పెద్ద పనే అమ్మా. అప్పుడు ఆరు. ఇప్పుడు నాలుగు."

"నాలుగా?"

"చిటికెన వేలు లేదు. ఎక్కడో వదిలేసి వచ్చారు. తెచ్చుకుంటే ఐదింటికీ బిగిస్తాను. వాళ్ళ చెయ్యి ఇంకోసారి పట్టుకోవడమే, ఎంత పని?"

కర్టెన్లక్క గోడ వైపు చూసింది. గుప్పిట విప్పి, హాయిగా నాలుగు వేళ్ళు.

"తక్కువైతే ఇబ్బంది లేదన్నారుగా?"

"చెయ్యి పనిచేస్తుంది. ఆ వేలొక్కటీ కదలదు."

"కుచ్చిళ్ళకి చిటికెన వేలితో పనేం లేదు మేస్త్రిగారూ. ఉండనివ్వండి."

ఐదు వేళ్ళ చెయ్యి వచ్చింది. నాలుగు నీడవేళ్ళూ బుద్ధిగా లోపలికెళ్ళాయి. పట్టు కుదిరింది, గడువూ తీరింది, చెయ్యి ఆమెదైంది. ఎడమ మణికట్టు వాపు దిగింది. ఇనప దిమ్మె తలుపుకి అడ్డం పెట్టుకోవడానికి పనికొచ్చింది.

ఆదివారం ఫోను మోగింది.

"అక్కా, ఈసారి పల్చటి గుడ్డ పంపు. అస్తరు వద్దు. వెలుతురు రావాలి."

"సరేలే. కొలతలు అవేగా?"

"అవే. అక్కా, గోడ మీద నా చేతికి ఆరున్నాయి. ఆరోది పొద్దుటి నుంచీ ఒకటే మడతలు పెడుతోంది. మధ్యాహ్నం కాసేపు ఆగింది. అన్నం తిన్నావా అప్పుడు?"

"తిన్నాను."

"వచ్చి తీసుకెళ్తావా దీన్ని?"

"తీరిక చూసుకుని వస్తాలే."

ఇద్దరికీ తెలుసు, ఆ తీరిక ఇప్పట్లో దొరకదని. ఫోను పెట్టేసి కర్టెన్లక్క షట్టరు దించింది. పైగదిలోకెళ్ళి కుర్చీలో కూర్చుని, చెయ్యి బల్ల మీద పెట్టుకుంది. కొత్త చిటికెన వేలు కదలకుండా ఉంది. ఆమె మనసులోనే, లేని ఆ వేలిని మెల్లగా గ్లాసు అంచు చుట్టూ తిప్పింది. తిప్పి, ఆగి, మళ్ళీ తిప్పింది. సగం రోజు ప్రయాణమంత దూరంలో, తెర తీసి ఉన్న ఒక కిటికీ ఎదుట గోడ మీద, ఎవరో దాన్ని చూస్తూ కూర్చుని ఉంటారు.